ఇంటి వైఫై రౌటర్‌ని మనమే సెట్ చేసుకుందాం, తాళం కూడా మనమే వేద్దాం

రౌటర్ బిగించడానికి వచ్చిన మనిషి పావుగంటలో పని ముగించి, మన ఫోన్‌లోనే ఒక వీడియో ఆడించి, "వస్తోంది చూడండి" అని చెప్పి వెళ్ళిపోతాడు. వెళ్ళేముందు వైఫై పాస్‌వర్డ్‌గా మన ఫోన్ నంబరే పెట్టేస్తాడు, ఎందుకంటే మనం దాన్ని మర్చిపోకూడదు, మర్చిపోయి అతనికి ఫోన్ చేయకూడదు. రౌటర్ సెట్టింగులు మార్చడానికి వాడే అడ్మిన్ పాస్‌వర్డ్ జోలికి మాత్రం అతనూ పోడు, మనమూ పోం. ఇక ఆ పెట్టె టీవీ వెనకాల దుమ్ము పట్టి, నాలుగేళ్ళో ఐదేళ్ళో అలాగే మిణుకు మిణుకుమంటూ పడుంటుంది.

ఆ పెట్టె ముందు ఒక గంట కూర్చుని దాన్ని సరిచేద్దాం. కొత్తదైనా పాతదైనా వరస ఇదే. మెనూ పేర్లు కంపెనీని బట్టి మారతాయి, ఒకచోట 'వైర్‌లెస్' అని ఉంటే ఇంకోచోట 'డబ్ల్యూలాన్' అని ఉంటుంది, లోపలి సరుకు మాత్రం ఒకటే. ఇంకో మాట ముందే చెప్పేస్తాను. వైఫై సెక్యూరిటీ అనగానే ఇరవై చిట్కాలు వినిపిస్తాయి గానీ, వాటిలో అసలు బరువు మోసేవి ఐదు: అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయడం, డబ్ల్యూపీఏ2 లేదా 3 అనే వైఫై తాళం రకం పెట్టడం, పొడవైన వైఫై పాస్‌వర్డ్, డబ్ల్యూపీఎస్ అనే సులువు కనెక్షన్ సదుపాయం ఆపేయడం. మిగతావాటిలో కొన్ని మంచివే, కొన్ని ఉత్త తాటాకు చప్పుళ్ళు. టైం లేనివాళ్ళు ఈ ఐదూ చేసేసి మిగతాది ఇంకోరోజుకి పెట్టుకోవచ్చు.

ఏదీ ముట్టుకోకముందు

రౌటర్‌ని తిప్పి, అడుగున ఉన్న స్టిక్కర్‌ని ఫొటో తీసుకోండి. మోడల్ నంబరు, వైఫై పేరు, మొదటి పాస్‌వర్డ్, అడ్మిన్ పేజీ అడ్రసు అన్నీ దాని మీదే ఉంటాయి.

లాప్‌టాప్ ఉంటే నెట్‌వర్క్ కేబుల్‌తో రౌటర్‌కి కలపండి. వైఫై మీదే కూర్చుని వైఫై సెట్టింగ్ మార్చడమంటే కూర్చున్న కొమ్మనే నరుక్కోవడం లాంటిది, సేవ్ నొక్కగానే మనమే బయటపడతాం. ఫోన్ తప్ప వేరే దారి లేకపోతే ఫోన్‌తోనే చేయొచ్చు, ప్రాణం పోదు, ప్రతి మార్పు తర్వాతా మళ్ళీ కనెక్ట్ అవ్వాలి, అంతే. కేబుల్‌ని 'లాన్' అని రాసున్న రంధ్రాల్లో దేనిలోనైనా పెట్టండి. 'వాన్' లేదా 'ఇంటర్నెట్' అని రాసున్నదాంట్లో కాదు, అది బయటి నుంచి వచ్చే లైనుకి.

ఇక రీసెట్ గురించి. ఒకసారి నాకు అడ్మిన్ పాస్‌వర్డ్ గుర్తురాక, వెనకున్న చిన్న బొక్కలో పిన్ను పెట్టి పదిహేను సెకన్లు నొక్కి పట్టాను. రౌటర్ కొత్తదానిలా లేచి కూర్చుంది, నెట్ మాత్రం పోయింది. అప్పటిదాకా దాంట్లో సేవ్ అయి ఉన్న పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ (నెట్ కంపెనీ లైనులోకి లాగిన్ అయ్యేవి), ఆ లైనుకి వాళ్ళిచ్చిన వీలాన్ నంబరు అన్నీ ఆ పిన్నుతో పాటే తుడిచిపెట్టుకుపోయాయి, నా దగ్గర కాగితం ముక్క కూడా లేదు. హెల్ప్‌లైన్‌లో సంగీతం వింటూ ఒక సాయంత్రం, వాళ్ళు వివరాలు పంపేసరికి మర్నాడు మధ్యాహ్నం. కాబట్టి లోపలికి వెళ్ళగలిగితే ముందు 'వాన్' లేదా 'ఇంటర్నెట్' పేజీ తెరిచి, అక్కడున్నదంతా ఫొటో తీసుకోండి. 'బ్యాకప్' అనే మెనూ ఉంటే సెట్టింగ్స్ ఫైల్‌ని కూడా దించుకోండి. ఆ ఫైల్‌లో మీ పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయి కాబట్టి ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.

అడ్మిన్ పేజీలోకి దూరడం

బ్రౌజర్ తెరిచి, అడ్రస్ బార్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టండి. రెండూ పనిచేయకపోతే ఊహించుకుంటూ కూర్చోవద్దు, మీ పరికరాన్నే అడగండి. ఆండ్రాయిడ్‌లో వైఫై పేరు పక్కనున్న గేర్ గుర్తు నొక్కితే వివరాల్లో 'గేట్‌వే' అని ఉంటుంది, ఐఫోన్‌లో వైఫై పేరు పక్కనున్న ఐ గుర్తు నొక్కితే 'రౌటర్' అని ఉంటుంది, విండోస్‌లో నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో 'డిఫాల్ట్ గేట్‌వే' అని ఉంటుంది. ఆ అంకెలే అడ్రసు.

ఇక్కడ చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. వైఫైలో నెట్ రావట్లేదని గమనించిన ఫోన్ మనకి చెప్పకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది, అప్పుడు ఈ పేజీ ఎంతకీ తెరుచుకోదు. మొబైల్ డేటా ఆపేసి మళ్ళీ ప్రయత్నించండి. వీపీఎన్ ఆన్‌లో ఉంటే అదీ ఆపండి. బ్రౌజర్ 'ఈ సైట్ సురక్షితం కాదు' అని బెదిరిస్తే టెన్షన్ పడకండి, మన ఇంటి పెట్టెకి బయటి సంస్థలు ఇచ్చే సర్టిఫికెట్ ఉండదు, అందుకే ఆ హెచ్చరిక. కానీ కొట్టిన అంకెలు సరైనవో కాదో ఒకసారి చూసుకోండి.

కొన్ని కొత్త రౌటర్లకి ఈ పేజీ బదులు ఫోన్ యాప్ ఉంటుంది. మొదటిసారికి యాప్ సుఖంగా ఉంటుంది గానీ నేను చెప్పబోయే సెట్టింగుల్లో కొన్ని యాప్‌లో దొరకవు. నా ఓటు బ్రౌజర్ పేజీకే.

మొదటి పని: అడ్మిన్ పాస్‌వర్డ్

రెండు పాస్‌వర్డ్‌లు వేర్వేరు అన్నది బుర్రలో పెట్టుకోండి. వైఫై పాస్‌వర్డ్ ఇంట్లోకి రావడానికి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంటి తాళాలే మార్చేయడానికి. వచ్చిన చుట్టాలందరికీ మొదటిది ఇస్తాం, రెండోది 'అడ్మిన్, అడ్మిన్' అనే ఉంటే మన వైఫైలో ఉన్న ఎవరైనా లోపలికి వెళ్ళి ఏదైనా చేయొచ్చు. మనుషులు చేయకపోయినా, వైరస్ పట్టిన ఒక ఫోనో కెమెరానో ఆ పని చేస్తుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చేసిందల్లా ఇదే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలు అరవై పైచిలుకు రాసి పెట్టుకుని, నెట్‌లో కనిపించిన ప్రతి కెమెరా మీదా రౌటర్ మీదా వాటిని వరసగా కొట్టి చూసింది. అలా పోగేసిన పరికరాల సైన్యంతో ఆ ఏడాది అక్టోబరులో డైన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ (సైట్ పేరు కొడితే దాని అడ్రసు చెప్పే కంపెనీ) మీద పడితే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు.

'సిస్టమ్', 'అడ్మినిస్ట్రేషన్', 'మేనేజ్‌మెంట్' ఈ మూడు మెనూల్లో ఎక్కడో ఒకచోట పాస్‌వర్డ్ మార్చే పేజీ ఉంటుంది. పొడవైనదే పెట్టండి, రోజూ కొట్టేది కాదు కదా. ఫోన్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ ఉంటే దాంట్లో, లేకపోతే ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. కాగితం మీద రాయకూడదనే సలహా ఆఫీసుకి, ఇంటి రౌటర్‌కి కాదు. నెట్‌లోంచి దాడి చేసేవాడు మీ బీరువా తెరవలేడు.

రెండో పని: ఫర్మ్‌వేర్

ఫర్మ్‌వేర్ అంటే రౌటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్. 'ఫర్మ్‌వేర్ అప్‌గ్రేడ్' అనే పేజీలో 'చెక్' బటన్ ఉంటే నొక్కండి, ఆటోమేటిక్ అప్‌డేట్ ఉంటే ఆన్ చేసి మర్చిపోండి. చెక్ బటన్ లేని పాతవాటికి కంపెనీ సైట్ నుంచి ఫైల్ దించుకుని ఎక్కించాలి. అలా చేసేటప్పుడు మోడల్ నంబరే కాదు, పక్కనే 'వీ2', 'వీ3' అని ఉండే హార్డ్‌వేర్ వెర్షన్ కూడా స్టిక్కర్ మీదున్నదానితో కలవాలి. ఒకే మోడల్ పేరుతో లోపల వేరే చిప్పు ఉన్న రౌటర్లు మామూలే. తప్పు ఫైల్ ఎక్కిస్తే అది ఇక కాగితాల మీద బరువు పెట్టుకోవడానికే పనికొస్తుంది. ఎక్కుతున్నంతసేపూ కరెంటు పోకూడదు, వైర్ పీకకూడదు.

కంపెనీ ఆ మోడల్‌కి అప్‌డేట్లు ఆపేసి ఏళ్ళు గడిచిపోతే ఇక ఆ రౌటర్‌కి సెలవివ్వడం మంచిది. బాగానే పనిచేస్తోందిగా అనిపిస్తుంది. పనిచేస్తుంది, మీకూ, లోపలికి దూరినవాడికీ.

మూడో పని: పేరు

వైఫై పేరుని ఎస్‌ఎస్‌ఐడీ అంటారు. మీ పేరు, ఫ్లాట్ నంబరు, రౌటర్ కంపెనీ పేరు దాంట్లో పెట్టకండి. ఇది మొహమాటం కోసం చెప్పే మాట కాదు. డబ్ల్యూపీఏ2లో మీ పాస్‌వర్డ్‌ని నేరుగా వాడరు, పాస్‌వర్డ్‌నీ వైఫై పేరునీ కలిపి 4096 సార్లు రుబ్బి ఒక తాళంచెవి తయారు చేస్తారు. ప్రపంచంలో చాలామంది వాడే మామూలు పేర్లకి, మామూలు పాస్‌వర్డ్‌లకి ఆ రుబ్బుడు ముందే చేసి పెట్టిన పట్టికలు ఉన్నాయి. ఎక్కడా లేని పేరు పెట్టుకుంటే ఆ పట్టికలు మన దగ్గర చెల్లవు.

తెలుగులో పేరు పెడదామని ఉబలాటపడేవాళ్ళకి ఒక ముక్క, ఎందుకంటే నేనూ పడ్డాను. పేరుకి మొత్తం 32 బైట్ల చోటే ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతం గుర్తుకీ, చివరికి పొల్లుకీ మూడేసి బైట్లు ఖర్చవుతాయి. 'మా ఇల్లు' అన్న చిన్న పేరుకే 22 బైట్లు అయిపోయాయి. అయినా పెట్టాను, ఫోన్లలో ముద్దుగా కనిపించింది, పాత ప్రింటర్ చిన్న తెరమీద మాత్రం అర్థం కాని గుర్తులు వరసగా వచ్చాయి, ఆ వరసలో ఏది మా ఇల్లో ఏది పక్కింటిదో తేల్చుకోలేక రెండు రోజుల్లో మళ్ళీ ఇంగ్లిష్ అక్షరాలకి వచ్చేశాను.

నాలుగో పని: సెక్యూరిటీ రకం

'వైర్‌లెస్ సెక్యూరిటీ' పేజీలో ఒక జాబితా వస్తుంది, అందులో ఏది ఎంచుకోవాలో తెలియక చాలామంది ఉన్నదాన్నే వదిలేస్తారు. వాటి వయసు తెలిస్తే ఎంపిక సులువు.

డబ్ల్యూఈపీ 1997 నాటిది, 2001లోనే దాని గుట్టు రట్టయింది, 2007 నాటికి నిమిషంలోపు విప్పేయగలిగారు. తర్వాత తాత్కాలిక మరమ్మతుగా 2003లో డబ్ల్యూపీఏ వచ్చింది. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 ఇప్పటికీ ఎక్కువ ఇళ్ళలో నడుస్తోంది. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది.

జాబితాలో 'డబ్ల్యూపీఏ3 పర్సనల్' ఉండి, ఇంట్లో ఉన్నవన్నీ కొత్త పరికరాలైతే అదే పెట్టండి. పాత ఫోన్లు, టీవీలు కలిసి ఉంటే 'డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3' అని రెండూ కలిపిన ఎంపిక ఉంటుంది, అది చాలు. అదీ లేకపోతే 'డబ్ల్యూపీఏ2 పర్సనల్', ఎన్‌క్రిప్షన్ 'ఏఈఎస్'. 'టీకేఐపీ' గానీ, 'ఆటో' పేరుతో టీకేఐపీ కలిసిన ఎంపిక గానీ వద్దు. అది పాతబడిన తాళం మాత్రమే కాదు, దానితో కనెక్ట్ అయిన పరికరం వేగం 54 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది. ప్లాన్ ఎంత పెంచినా నెట్ నత్తనడకే అని తిట్టుకునేవాళ్ళు ఒకసారి ఈ పేజీ చూడండి. 'ఎంటర్‌ప్రైజ్' అని ఉన్నది ఆఫీసులకి, దానికి వేరే సర్వర్ కావాలి, ముట్టుకోకండి. 'పీఎంఎఫ్' అనే ఎంపిక కనిపిస్తే 'కేపబుల్' లేదా 'ఆప్షనల్' అని పెట్టండి, బయటివాళ్ళు దొంగ సందేశాలతో మన ఫోన్లని వైఫై నుంచి తోసేయకుండా అది అడ్డుపడుతుంది.

అసలు పని: పాస్‌వర్డ్

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఎవరో మన గుమ్మం ముందు కూర్చుని ఒక్కో పాస్‌వర్డ్ కొట్టి చూస్తారని, నాలుగుసార్లు తప్పయితే విసుగొచ్చి పోతారని అనుకుంటాం. అలా జరగదు. డబ్ల్యూపీఏ2లో మన ఫోన్ రౌటర్‌కి కనెక్ట్ అయ్యేటప్పుడు రెండూ నాలుగు సందేశాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. వాటిని గాల్లోంచి పట్టుకున్నవాడు తన ఇంటికి వెళ్ళి, తీరిగ్గా, మన రౌటర్‌కి తెలియకుండానే, తన కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటే సరిపోల్చుకుంటాడు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటుంటే సెకనుకు పది లక్షలు చూడటం కష్టం కాదు.

ఇప్పుడు లెక్క వేయండి. పది అంకెల ఫోన్ నంబరంటే మొత్తం 1000 కోట్ల అవకాశాలు. సెకనుకు పది లక్షల చొప్పున 10,000 సెకన్లు, అంటే మూడు గంటలు కూడా పట్టదు, ఫోన్ నంబర్లు ఏ అంకెలతో మొదలవుతాయో తెలిసినవాడికి ఇంకా తక్కువ. పుట్టినరోజు ఎనిమిది అంకెల్లో రాస్తే? వందేళ్ళ తేదీలన్నీ కలిపినా 36,500 చిల్లర. కార్డు వేడెక్కే లోపే అయిపోతుంది. ఇంటిపేరు పక్కన 123, పిల్లల పేరు పక్కన ఎట్ గుర్తు పెట్టి సంవత్సరం, ఇలాంటివన్నీ వాళ్ళ జాబితాల్లో మొదటి పేజీలో ఉంటాయి. డబ్ల్యూపీఏ3లో ఈ ఇంటికి తీసుకెళ్ళి సరిపోల్చే ఆట సాగదు, ప్రతి ప్రయత్నానికీ రౌటర్‌నే అడగాలి. దానికి మారమనడానికి అసలు కారణం ఇదే.

మరి ఏం పెట్టాలి? ఒకదానికొకటి సంబంధం లేని ఐదు మాటలు. గొడుగు, నత్త, మెట్లు, సుత్తి, కిటికీ, ఇలా. ఎంచుకోవడం మన బుర్రకి వదిలేయకూడదు, బుర్ర ఎప్పుడూ తెలిసిన దారినే పోతుంది. ఏ పుస్తకమో తెరిచి కళ్ళు మూసుకుని వేలు పెట్టండి, లేదా పాచికలు వేసి ఎంచుకునే 7776 మాటల జాబితాలు ఉన్నాయి, ఐదు పాచికలు ఒకసారి వేస్తే ఒక మాట. అలా వచ్చిన నాలుగు మాటల్ని పై కార్డుతో మొత్తం వెతకాలంటే 116 ఏళ్ళు, ఐదో మాట చేర్చారంటే తొమ్మిది లక్షల ఏళ్ళు. పాటల పల్లవులు, సామెతలు మాత్రం వద్దు, అవి అందరి నోళ్ళలోనూ ఉన్నవే.

పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండొచ్చు, ఇంగ్లిష్ కీబోర్డు మీద ఉన్నవే ఉండాలి, కాబట్టి తెలుగు మాటలైతే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవాలి. ఇక్కడ ఒక చిన్న చిక్కు. 'చందమామ' అని పెడితే, మొదటి చ కి సీహెచ్ ఒక్కటేనా, దీర్ఘానికి రెండు ఏలు పెట్టావా ఒకటేనా అని వచ్చినవాళ్ళందరూ అడుగుతూనే ఉంటారు. ఒకే విధంగా రాయడానికి వీలయ్యే మాటలే ఏరుకోండి. పెద్దక్షరాలు, డాలర్ గుర్తులు కూడా అవసరం లేదు, బలం పొడవులోనే ఉంది. టీవీ రిమోట్‌తో బాణం గుర్తులు నొక్కుతూ ఈ పాస్‌వర్డ్ కొట్టాల్సిన రోజున ఈ సలహా విలువ తెలుస్తుంది.

డబ్ల్యూపీఎస్ ఆపేయండి

రౌటర్ వెనక బటన్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండా ప్రింటర్ కనెక్ట్ అయిపోయే సదుపాయం ఇది. బటన్‌తో పెద్ద బాధ లేదు, బాధంతా దానితో పాటు వచ్చే ఎనిమిది అంకెల పిన్‌తో. ఎనిమిది అంకెలంటే పది కోట్ల అవకాశాలు ఉండాలి కదా, కానీ చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్కకట్టేది, పైగా రౌటర్ ఆ పిన్‌ని రెండు ముక్కలు చేసి మొదటి నాలుగు అంకెలు సరిపోయాయో లేదో విడిగా చెప్పేస్తుంది. దాంతో పది కోట్లు కాస్తా 10,000 ప్లస్ 1,000, మొత్తం 11,000 ప్రయత్నాలకి దిగిపోయింది. 2011 డిసెంబరులో స్టెఫాన్ ఫీబెక్ అనే పరిశోధకుడు ఈ సంగతి బయటపెట్టాడు. తర్వాత వచ్చిన రౌటర్లు కొన్ని తప్పులు కాగానే పిన్‌ని కాసేపు బిగించేస్తాయి, అయినా ఐదు మాటల పాస్‌వర్డ్ పెట్టి పక్కన ఈ కిటికీ తెరిచి ఉంచడం దేనికి? ఆఫ్ చేసి సేవ్ నొక్కండి.

బ్యాండ్లు, ఛానెళ్ళు

ఇది సెక్యూరిటీ కాదు, వేగం సంగతి, కానీ ఎలాగూ లోపలికి వచ్చాం కాబట్టి చూసేద్దాం. రౌటర్ మామూలుగా రెండు బ్యాండ్లలో, అంటే రెండు రేడియో పట్టీల్లో, వైఫై ఇస్తుంది, ఒక్కో పట్టీ మళ్ళీ ఛానెళ్ళుగా చీలి ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది, నెమ్మది. 5 గిగాహెర్ట్జ్ వేగం, రెండు గోడలు అడ్డొస్తే నీరసపడుతుంది. రెండింటికీ ఒకే పేరు పెడితే ఫోన్ తనకి నచ్చినదానికి ఎక్కుతుంది, మామూలు ఇంటికి అదే హాయి.

2.4లో ఛానెల్ 1, 6, 11 ఈ మూడింట్లో ఒకటే పెట్టండి. ఛానెళ్ళు ఐదేసి మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటాయి, ఒక్కో వైఫై సిగ్నల్ మాత్రం 20 మెగాహెర్ట్జ్ మేర పరుచుకుంటుంది, అందుకే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే. పక్కిళ్ళవాళ్ళు 1లోనూ 6లోనూ ఉన్నారు కదా అని తెలివిగా 3 పెట్టేవాళ్ళు ఉంటారు. అది ఇంకా నష్టం. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి వింటాయి, ఒకటి మాట్లాడుతుంటే రెండోది ఆగుతుంది. సగం సగం కలిసిన ఛానెల్‌లో ఉన్నదాని మాట అర్థం కాదు, అది ఉత్త రొదలా వినిపిస్తుంది, ఎవరి మాటా ఎవరికీ సాగదు. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ పెట్టి, మూడింటిలో ఏది ఖాళీగా ఉందో చూసి అది పెట్టండి. 'ఛానెల్ విడ్త్' 2.4లో 20 చాలు, 40 పెడితే ఉన్న కాస్త చోటునీ మనమే ఆక్రమించినట్టు.

5 గిగాహెర్ట్జ్‌లో విడ్త్ 80 పెట్టి, ఛానెల్ ఆటోలో వదిలేయొచ్చు. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్ళు రాడార్లతో పంచుకునేవి, వాటిలో దిగేముందు రౌటర్ కనీసం ఒక నిమిషం చెవులు రిక్కించి వినాలి, మధ్యలో రాడార్ వినిపిస్తే వెంటనే ఖాళీ చేసి వెళ్ళాలి. వైఫై ఉన్నట్టుండి మాయమై నిమిషంలో మళ్ళీ వస్తోందంటే కారణం ఇది కావచ్చు. 36 పెట్టి చూడండి.

ఏ సెట్టింగూ చేయలేని పని రౌటర్ ఉన్న చోటు చేస్తుంది. టీవీ వెనక నుంచి, ఇనప బీరువా పక్క నుంచి, మైక్రోవేవ్ ఓవెన్ దగ్గర్నుంచి తీసి, ఇంటి నడిమధ్యకి వీలైనంత దగ్గరగా, నడుమెత్తుకి పైన పెట్టండి. ఓవెన్ కూడా 2.4 దరిదాపుల్లోనే పనిచేస్తుంది, అది తిరుగుతున్నంతసేపూ కాల్ తెగిపోవడం మీరు గమనించే ఉంటారు.

ఇంకో చిన్న విషయం. ఫైబర్ లైనుతో వచ్చిన పెట్టె ఒకటి, మీరు కొనుక్కున్న రౌటర్ ఒకటి, రెండూ వైఫై ఇస్తుంటే మొదటిదాంట్లో వైఫై ఆపేయండి. లేకపోతే తాళం ఒక తలుపుకే వేసినట్టు.

అతిథులకీ, బల్బులకీ వేరే గది

'గెస్ట్ నెట్‌వర్క్' ఆన్ చేసి, వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టండి. దాంట్లో ఉన్నవాళ్ళకి నెట్ వస్తుంది, మీ లాప్‌టాప్, ప్రింటర్ కనిపించవు. 'లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్' లాంటి టిక్కు ఉంటే తీసేయండి, అది ఉంటే గెస్ట్ అన్న మాటకి అర్థమే లేదు. ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపించి వైఫై ఇస్తాం కదా, ఆ కోడ్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు ఉంటుంది, ఒకరికిచ్చామంటే పదిమందికి చేరినట్టే. అందుకే వచ్చేపోయేవాళ్ళకి గెస్ట్.

స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు, చౌక కెమెరాలు కూడా నేను గెస్ట్‌లోనే పెడతాను. వీటికి అప్‌డేట్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. ఎక్కువ బల్బులకి 2.4 మాత్రమే తెలుసు, డబ్ల్యూపీఏ3 చూస్తే బిత్తరపోతాయి కాబట్టి గెస్ట్‌ని 2.4, డబ్ల్యూపీఏ2 చేసి ఉంచితే రెండు సమస్యలూ ఒక్కసారే తీరతాయి. టీవీని మాత్రం మెయిన్‌లోనే ఉంచాను. గెస్ట్‌లో పెడితే ఫోన్ నుంచి టీవీకి వీడియో పంపడం కుదరదు, ఇంట్లోవాళ్ళతో రోజూ ఆ గొడవ నా వల్ల కాదు.

మూసేయాల్సిన చిన్న తలుపులు

'రిమోట్ మేనేజ్‌మెంట్' ఆఫ్. ఊళ్ళో లేనప్పుడు రౌటర్ సెట్టింగ్ మార్చాల్సిన అవసరం మనలో ఎంతమందికి వస్తుంది?

'యూపీఎన్‌పీ' ఉన్నంతకాలం ఇంట్లోని ఏ పరికరమైనా మనల్ని అడగకుండా బయటి నుంచి లోపలికి ఒక దారి (పోర్టు) తెరవమని రౌటర్‌కి చెప్పొచ్చు. ఆపేయండి. ఆన్‌లైన్ గేములాడే పిల్లలుంటే వాయిస్ చాట్ రావట్లేదని గోల చేయవచ్చు, అప్పుడు ఆ ఒక్క గేముకి కావాల్సిన పోర్టు మాత్రం తెరవడమో, చేసేది లేక మళ్ళీ ఆన్ చేయడమో మీ ఇష్టం. ఇలాంటి దారులు రాసుండే 'పోర్ట్ ఫార్వర్డింగ్' జాబితాలో మీరు పెట్టనివి ఉంటే తీసేయండి.

'డీఎన్‌ఎస్' గడిలో ఏ అంకెలున్నాయో చూడండి. సైట్ పేరు కొడితే దాని అడ్రసు చెప్పేది ఈ డీఎన్‌ఎస్సే, దాన్ని మార్చినవాడు మనల్ని బ్యాంకు సైట్ అనుకుని ఇంకెక్కడికో పంపగలడు. 2011లో అమెరికా ఎఫ్‌బీఐ పట్టుకున్న డీఎన్‌ఎస్‌ఛేంజర్ ముఠా ఈ ఒక్క కిటుకుతోనే వందకు పైగా దేశాల్లో దాదాపు 40 లక్షల కంప్యూటర్లని దారి మళ్ళించింది. గడి ఆటోమేటిక్‌లో ఉంటే సరే. మీరు పెట్టని అంకెలు ఉంటే తుడిచేసి 1.1.1.1, 8.8.8.8, 9.9.9.9 ఈ మూడింట్లో ఏదైనా పెట్టుకోండి. 9.9.9.9 మోసపు సైట్ల పేర్లని తనే ఆపేస్తుంది, మా ఇంట్లో అదే ఉంది.

తాటాకు చప్పుళ్ళు

వైఫై పేరు దాచేయమనే సలహా మీరూ వినే ఉంటారు. దాచినా రౌటర్ నోరు మూసుకోదు, పేరు ఖాళీ పెట్టి పిలుస్తూనే ఉంటుంది, మన ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు ఆ పేరు గాల్లో బయటపడనే పడుతుంది. పైగా దాచిన వైఫైని వెతకడానికి ఫోనే వెళ్ళిన ప్రతిచోటా "ఫలానా పేరున్న వైఫై ఉందా" అని అడుగుతూ తిరుగుతుంది. దాచిపెట్టబోయి మనమే చాటింపు వేసుకున్నట్టు.

ఎంఏసీ ఫిల్టర్ ఇంకోటి. ప్రతి పరికరానికీ ఉండే ఎంఏసీ అడ్రసుల (గుర్తింపు నంబర్ల) జాబితా రాసి, వాటినే రానివ్వడం. ఆ అడ్రసులు గాల్లో బహిరంగంగానే వెళ్తుంటాయి, చూసినవాడు కాపీ కొట్టుకోవచ్చు. నేను ఎప్పుడో ఉత్సాహంగా ఇది పెట్టి మర్చిపోయాను, రెండేళ్ళ తర్వాత కొత్త ఫోన్ కనెక్ట్ అవ్వక, పాస్‌వర్డ్ సరైనదే అయినా లోపలికి రానివ్వక, ఫోనే పాడైందనుకుని వెనక్కి ఇవ్వబోయాను. దొంగని ఒక్కణ్ణీ ఆపలేదు గానీ నన్ను బాగా ఆపింది. ఇప్పటి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ ఎంఏసీ చూపిస్తాయి కాబట్టి ఇది ఇంకా తలనొప్పి.

అన్నీ మళ్ళీ కలపడం, ఎవరున్నారో చూడటం

సేవ్ చేశాక రౌటర్‌ని ఒకసారి ఆపి ఆన్ చేయండి. పాత పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకున్న ఫోన్లలో ఆ వైఫై పేరు మీద 'ఫర్‌గెట్' నొక్కి మళ్ళీ కలపాలి. ప్రింటర్ గుర్తుంటుంది, టీవీ గుర్తుంటుంది, వాటర్ ప్యూరిఫయర్‌కి కూడా వైఫై ఉందన్నది వారం తర్వాత గుర్తొస్తుంది.

అన్నీ కలిశాక 'కనెక్టెడ్ డివైసెస్' లేదా 'డీహెచ్‌సీపీ క్లయింట్స్' జాబితా తెరవండి. సగం పేర్లు తెలియనివే ఉంటాయి, కంగారు పడకండి. 'ఎస్‌ప్రెసిఫ్' అని కనిపిస్తే అది హ్యాకర్ పేరు కాదు, స్మార్ట్ బల్బుల్లో ప్లగ్గుల్లో ఉండే చిప్పు కంపెనీ పేరు. ఒకే ఫోన్ రెండు పేర్లతో కనిపించిందంటే అది పైన చెప్పిన దొంగ ఎంఏసీ మహిమ. ఎంతకీ తేలనిది ఒకటి మిగిలితే, దాని పక్కనున్న 'బ్లాక్' నొక్కి ఇంట్లో ఏది ఆగిపోయిందో ఒక పూట చూడండి. ఎవరో ఒకరు "ఇది పనిచేయట్లేదేంటి" అని అరిస్తే దొరికినట్టే, బ్లాక్ తీసేయండి. ఎవరూ అరవకపోతే బ్లాక్ అలాగే ఉంచి, పుస్తకం తెరిచి ఇంకో ఐదు మాటల మీద వేలు పెట్టండి.